ఇంటి వీడియోలకు కూర్పరులం మనమే

వాడ ముచ్చట్లు – 27



డిగ్రీ పిల్లలకు బయోడేటా రాయడం నేర్పేటప్పుడు ప్రతి ఏడాదీ ఒకే గడి దగ్గర చిక్కు వస్తుంది. పేరు, తండ్రి పేరు, మార్కులు, వచ్చిన భాషలు అన్నీ గబగబా నింపుతారు. ‘హాబీలు’ అన్న చోటికి వచ్చేసరికి మన వాడల నుంచి వచ్చిన పిల్లలు పక్కవాడి కాగితంలోకి చూస్తారు. అక్కడ ‘క్రికెట్ ఆడటం, పాటలు వినడం’ అని ఉంటే వీళ్ళూ అదే రాస్తారు. సెలవులు వస్తే నాట్లకు, పత్తి ఏరడానికి, సెంట్రింగ్ పనికి పోయే పిల్లలకు హాబీ ఎక్కడిది? తీరిక ఉన్నోళ్ళకే హాబీ. ఈ దేశంలో భూమిని పంచినట్టే తీరికను కూడా కులాన్ని బట్టే పంచారు.

అందుకే ఈ వారం కోర్టు తీర్పు గురించో జీవో గురించో కాకుండా ఒక హాబీ గురించి రాస్తున్నాను. ఇంట్లో ఉన్న వీడియోలను ముందేసుకుని, అక్కర్లేనిది కోసేసి, మిగిలింది కూర్చి, పదిమంది కూర్చుని చూసేటట్టు చేసుకోవడం. నాలుగేండ్లుగా ఆదివారాలు నేను చేస్తున్న పని ఇదే. ‘ఏందన్నా, ఉద్యమం ఇడిసిపెట్టి రీల్స్‌ల పడ్డవా?’ అని అడగబోయే తమ్ముళ్ళకు ముందే చెప్తున్నాను. కాస్త ఓపిగ్గా చివరిదాకా చదవండి, ఆ తర్వాత తిట్టండి.

నేను చెప్పేది ఒక్కటే. మన ఇండ్లలో ఇప్పుడు వీడియోలకు కరువు లేదు. మనం కూర్చిన వీడియోకే కరువు. కూర్చినవాడిదే కథ అవుతుంది.

తెలుగు సినిమా పేర్లలో ఎడిటింగ్‌కు ‘కూర్పు’ అని వేసేవారు. నాకు చాలా ఇష్టమైన మాట అది. పుస్తకానికి సంపాదకుడు చేసేదీ కూర్పే. సాహిత్యం చదువుకున్నవాళ్ళకు ఆ పని బలం ఎంతో తెలుసు. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ వచ్చింది. అందులోని కవులు అంతకుముందు కూడా రాస్తున్నవాళ్ళే. కానీ ఆ కవితలన్నిటినీ ఒక్కచోట కూర్చి, ఇది దళిత కవిత్వం అని ముందు పెట్టినప్పుడే తెలుగు సాహిత్యం తలతిప్పి చూసింది. విడివిడిగా ఉన్నప్పుడు లేని బలం కూర్చినప్పుడు వచ్చింది. ఇంటి వీడియోకు కూడా అదే లెక్క.

ఇంకొంచెం వెనక్కి పోదాం. సినిమా పుట్టుకలోనే ఇంటి వీడియో ఉంది. 1895 డిసెంబర్ 28న ప్యారిస్‌లో లూమియేర్ అన్నదమ్ములు టికెట్టు పెట్టి జనానికి పది చిన్న చిన్న చిత్రాలు చూపించారు. ఒక దాంట్లో ఆగస్ట్ లూమియేర్, ఆయన భార్య తమ పసిబిడ్డకు తినిపిస్తుంటారు. ఇంకో దాంట్లో వాళ్ళ ఫ్యాక్టరీ గేటులోంచి కార్మికులు బయటికి వస్తుంటారు. రెండూ ఒకే రోజు, ఒకే తెర మీద వేశారు. యజమాని బిడ్డ తన ఇంట్లో, అమ్మానాన్నల మధ్య, తనకంటూ ఒక ముఖంతో ఉంది. కార్మికులు గేటు దగ్గర గుంపుగా ఉన్నారు. వాళ్ళ ఇండ్లలో పసిబిడ్డలకు ఆ పొద్దు ఎవరు తినిపించారో ఆ కెమెరా అడగలేదు. కెమెరా యజమానిది. అందుకే ఇల్లు యజమానికి వచ్చింది, గేటు కార్మికుడికి వచ్చింది.

నూట ముప్పై ఏండ్ల తర్వాత కూడా మన బొమ్మ ఎక్కువగా గేటు దగ్గరే ఉంది. కారంచేడు 1985, చుండూరు 1991 అనగానే మన కండ్ల ముందు ఏ బొమ్మలు కదులుతాయి? శవాలు, ఏడుస్తున్న తల్లులు, శిబిరాలు. ఆ ఊర్ల మనుషులకు కూడా పెండ్లిళ్ళు అయ్యాయి, పిల్లలు పుట్టారు, పండుగలకు కొత్త బట్టలు కట్టుకున్నారు. ఆ బొమ్మలు మనలో ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

మా మండలం వాళ్ళం బట్టలకు, దవాఖానకు, కాలేజీకి మిర్యాలగూడ పోతుంటాం. 2018 సెప్టెంబర్ 14న అక్కడే ప్రణయ్‌ను చంపారు. గర్భిణి అయిన భార్యతో ఆసుపత్రి నుంచి బయటికి వస్తుంటే వెనక నుంచి వచ్చి నరికారు. సీసీ కెమెరాకు చిక్కిన ఆ కొన్ని సెకన్లను టీవీ చానళ్ళు తిప్పి తిప్పి ఎన్నిసార్లు వేశాయో లెక్క లేదు. చుట్టూ ఎర్ర గీత, కింద పెద్ద అక్షరాలు, వెనక సినిమా సంగీతం. అది కూడా కూర్పే. కొడుకు చావును తల్లి ఎన్నిసార్లు చూడాలో ఆ కూర్పరులు నిర్ణయించారు. ఆ పిల్లవాడు, ఆ అమ్మాయి పెండ్లి తర్వాత సంతోషంగా తీయించుకున్న వీడియో కూడా లోకంలో ఉంది. ఒక దళిత యువకుడు తను ప్రేమించిన అమ్మాయి పక్కన నవ్వుతూ నడిచే వీడియో అది. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి జీవితఖైదు వేసింది. ఆ రోజు కూడా చానళ్ళు వెతికి పట్టుకుంది సీసీ కెమెరా ముక్కనే.

మన చావుల వీడియోలను లోకమే దాస్తుంది. వాటికి పోలీసులున్నారు, కోర్టులున్నాయి, చానళ్ళున్నాయి. మనం నవ్విన వీడియోలను మాత్రం మనమే దాచుకోవాలి. ఇది నేను హాబీ పేరుతో చెప్తున్న అసలు మాట.

ఇట్లా దాచినవాళ్ళు మనలో లేరా అంటే ఉన్నారు. 1956 డిసెంబర్ 7న బొంబాయిలో బాబాసాహెబ్ అంతిమయాత్ర జరిగింది. లక్షల మంది కదిలారు. దాన్ని సినిమా రీలు మీదికి ఎక్కించాలని మరాఠీ రచయిత, కళాకారుడు నామ్‌దేవ్ వట్కర్ సొంతంగా డబ్బు సమకూర్చుకుని తీశాడు. ప్రతి డిసెంబర్ 6న మన ఫోన్లలో తిరిగే ఆ నలుపు తెలుపు దృశ్యాల వెనక ఒక మనిషి పట్టుదల ఉంది. ఎవరో తీస్తారులే అని ఆయన ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఇక మన దగ్గరికి వద్దాం. పాలకీడు మండలం 2016లో సూర్యాపేట జిల్లాతో పాటు ఏర్పడింది. అంతకుముందు మేం నేరేడుచర్ల మండలం, నల్లగొండ జిల్లా. తొంభైలలో మా ఊళ్ళల్లో పెండ్లి అంటే క్యాసెట్ తీయించడం గొప్ప. ఒక మనిషి భుజాన కెమెరా, ఇంకో మనిషి చేతిలో ఫోకస్ లైటు, దాని వెనక వైరు పట్టుకుని ఒక పిల్లవాడు. తీసింది పట్నంలో మిక్సింగ్‌కు పోయేది. గులాబీ పువ్వులో పెండ్లికూతురు ముఖం, గుండె బొమ్మలో పెండ్లికొడుకు ముఖం గిరగిరా తిరిగేవి. మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు. మంత్రాలు, ఏడుపులు, బావల ఎకసెక్కాలు, ముసలమ్మల దీవెనలు అన్నీ ఆ పాటల కింద పడి చచ్చిపోయేవి.

మా నాయిన డప్పు కొట్టేవాడు. నాకు పద్నాలుగేండ్లప్పుడు పోయాడు. మా ఇంట్లో ఆయన ఫొటోలు రెండే ఉన్నాయి, రెండూ సర్కారు కార్డుల మీదివి. కదిలే బొమ్మ ఒక్కటీ లేదనుకున్నాం. నాతో బడికి వచ్చిన ఒక మిత్రుడు, ఊళ్ళో పటేళ్ళ ఇంటివాడు, వాళ్ళ అక్క పెండ్లి క్యాసెట్‌ను ఎప్పుడో సీడీ చేయించి పెట్టుకున్నాడు. 1999 నాటి పెండ్లి అది. అడిగితే ఇచ్చాడు. మూడు గంటలు కూర్చుని చూశాను. ఎదురుకోళ్ళ దగ్గర, పెండ్లికొడుకు కారు ముందు, తెరకు ఎడమ మూలన నాయిన కనిపించాడు. మొత్తం పదకొండు సెకన్లు. కెమెరా ఆయనను తీయలేదు. కారును తీస్తుంటే ఆయన అడ్డం వచ్చాడు, అంతే.

ఆ పదకొండు సెకన్లతో ఏం చేయాలి? ఎడిటింగ్ అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మొదటి దారి, నాయిన ఉన్న మూలను కోసి పెద్దగా చేయడం. చేసి చూశాను. పాత వీడియో సీడీలో బొమ్మ అడ్డంగా 352 చుక్కలు, నిలువుగా 288 చుక్కలు మాత్రమే. అందులో మూలన ఉన్న మనిషి ముఖానికి ఎన్ని చుక్కలు దక్కుతాయి? పెద్దగా చేసేకొద్దీ నాయిన పోయి గడులు మిగిలాయి. రెండో దారి, బొమ్మను ముట్టుకోకుండా, మొదలూ చివరా మార్చడం. అసలు క్యాసెట్‌లో ఆ షాట్ కారు మలుపు తిరిగినప్పుడు మొదలై, పెండ్లికొడుకు దిగినప్పుడు ముగుస్తుంది. అందుకే అది కారు షాట్. నేను దాన్ని నాయిన తెరలోకి అడుగు పెట్టినప్పుడు మొదలుపెట్టి, తెర దాటి పోయినప్పుడు కోశాను. ఒక్క చుక్క కూడా మార్చలేదు. కారు అట్లాగే ఉంది, పెండ్లికొడుకు అట్లాగే ఉన్నాడు. కానీ ఇప్పుడది మా నాయిన షాట్. చూసినవాళ్ళెవరికీ కన్ను కారు మీదికి పోదు.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉంటే కథ వాళ్ళది. ఆధిపత్య కులాల చరిత్ర మొత్తం ఈ రెండు కోతల మీదే నిలబడింది. ఊరి చరిత్రను గడీ కట్టిన రోజు నుంచి మొదలుపెడతారు. ఆ రాళ్ళు మోసిన వాళ్ళు వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టరు.

ఇక శబ్దం. ఆ పదకొండు సెకన్ల మీద స్టూడియో వాళ్ళు సినిమా పాట వేశారు. నాయిన చేతులు కదులుతున్నాయి, దరువు వినబడదు. ఇంకెవరిదైనా డప్పు రికార్డు చేసి పెట్టు అని ఒకరిద్దరు చెప్పారు. పెట్టలేదు. పాటను తీసేసి ఆ పదకొండు సెకన్లను నిశ్శబ్దంగా వదిలేశాను. నా పిల్లలకు తాత దరువు అని చెప్పి ఇంకొకరి దరువు ఎట్లా వినిపిస్తాను? మన దగ్గర లేనిదాన్ని లేదని చూపించడం కూడా కూర్పే.

అమ్మకు చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: ‘డప్పు సల్లవడ్డది. కాగవెట్టుకోను మంట కాడికి పోనియ్యలే. సూడు, చెయ్యి ఎంత పైకి లేపుతుండో.’ వినబడని దరువును ఆమె చేతి ఎత్తు చూసి చెప్పింది. ఆ తర్వాత ఆ పెండ్లి సంగతి మొత్తం చెప్పుకొచ్చింది. ఎన్ని గంటలు ఎండలో నిలబడ్డదీ, ఎన్నో బంతికి అన్నం పెట్టిందీ, ఇంటికి ఏం తెచ్చిందీ. ఇరవై ఏండ్లలో ఆమె నోటి నుంచి ఆ ముచ్చట రాలేదు. ఫోన్ పక్కన పెట్టి రికార్డు చేశాను. ఇప్పుడు మా ఇంటి వీడియోలో నిశ్శబ్దంగా పదకొండు సెకన్లు నాయిన, ఆ తర్వాత నాలుగు నిమిషాలు అమ్మ. మా ఇంటి చరిత్రలో మొదటి అధ్యాయం అదే. ఏ యూనివర్సిటీ లైబ్రరీలోనూ నాకు దొరకని ఆకరం అది.

ఇదంతా చదువుకున్నవాళ్ళు చేసే పని కదా అని కొందరికి అనిపించవచ్చు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌కు పోయి చూడండి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు, బడి మొహం చూడనివాళ్ళు, ఇరవై ఏండ్లకు ముందే కెమెరా పట్టారు, ఎడిటింగ్ నేర్చుకున్నారు. వరంగల్ రైతులు బీటీ పత్తితో ఎట్లా దెబ్బతిన్నారో వాళ్ళు తీసిన చిత్రాలు దేశాలు తిరిగాయి. 2008లో మాచనూరులో సంఘం రేడియో పెట్టిందీ వాళ్ళే. నాకు అన్నిటికంటే నచ్చేది వాళ్ళు షాట్లకు పెట్టుకున్న పేర్లు. కింద నుంచి పైకి చూస్తూ తీస్తే అది ‘పటేల్ షాట్’. ఎదుటి మనిషి కంటికి కన్ను సమానంగా పెట్టి తీస్తే ‘సంఘం షాట్’, ఎందుకంటే సంఘంలో అందరూ ఒకే ఎత్తున కూర్చుంటారు. ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పుస్తకాల్లో ఉండే లో యాంగిల్, ఐ లెవెల్ అనే మాటల కంటే ఈ మాటల్లో ఎక్కువ శాస్త్రం ఉంది. ఎవరు ఎవరిని ఎక్కడ నిలబడి చూస్తున్నారో అవి చెప్తాయి.

నిజానికి బొమ్మల వరుసతో కథ చెప్పడం మనకు కొత్త కాదు. డక్కలి వాళ్ళు మాదిగ వాడకు వచ్చి, పొడుగాటి బట్ట మీద గీసిన పటాన్ని ఒక్కొక్క బొమ్మే విప్పుతూ జాంబపురాణం చెప్పేవారు. ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ, ఎక్కడ ఆగాలి, ఎక్కడ కిన్నెర అందుకోవాలి అన్నది వాళ్ళకు కొట్టినపిండి. మన తాతలు ఆరెతో, రంపెతో చేసిందీ కోతా కుట్టే. తోలు మీద చేసిన పని ఇప్పుడు తెర మీద చేస్తున్నాం.

సరే, ఎట్లా మొదలుపెట్టాలి? నాకు తెలిసినంతలో చెప్తాను.

ముందు తీరిక ఉన్నప్పుడు కాదు, వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి దించుకోవాలి. జపాన్‌కు చెందిన ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది. ప్రపంచంలో చివరగా మిగిలిన తయారీదారు అదే. ఇప్పుడు దొరికేవన్నీ పాతవి, మరమ్మతు చేసేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. మన ఇండ్లలో క్యాసెట్లు దూలాల మీద, ట్రంకు పెట్టెల్లో చెమ్మకు బూజు పడుతున్నాయి. పనిచేసే వీసీఆర్ ఒకటి, పసుపు తెలుపు ఎరుపు వైర్లు, వాటిని కంప్యూటర్‌కు కలిపే చిన్న యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం ఒకటి ఉంటే చాలు. వాడంతా కలిసి ఒక్క సెట్టు కొనుక్కున్నా సరిపోతుంది. మూడు గంటల క్యాసెట్ దించడానికి మూడు గంటలే పడుతుంది, తొందరపెడితే కుదరదు. బూజు కనిపించిన క్యాసెట్‌ను మాత్రం నేరుగా పెట్టొద్దు, పని తెలిసినవాళ్ళతో శుభ్రం చేయించండి. వీడియో సీడీ అయితే ఇంకా సులువు. దాన్ని తెరిస్తే లోపల డాట్ ఫైలు ఉంటుంది, దాన్ని కాపీ చేసుకుంటే వీఎల్‌సీలో ఆడుతుంది.

రెండోది, పేర్లు. ఫైలుకు ఏడాది, ఊరు, సందర్భం పేరుగా పెట్టండి. ఆ తర్వాత ఇంట్లో ముసలివాళ్ళను కూర్చోబెట్టి, కనిపించే ప్రతి మనిషి పేరూ రాయించుకోండి. ఈ పని వాయిదా వేయొద్దు. క్యాసెట్ కంటే ముందు పోయేది ముసలివాళ్ళ జ్ఞాపకమే. అసలు ఫైలును ఎప్పుడూ కోయొద్దు, కాపీ మీదే పని చేయండి. ఒక కాపీ మీ ఇంట్లో, ఇంకొకటి అక్కయ్య ఇంట్లో ఉండాలి.

అప్పుల్లోనే దాచామంటే దాచినట్టు కాదు. 2020 జూన్ 29న కేంద్రం ఒక్క రాత్రిలో 59 చైనా యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్ అందులో ఉంది, చాలామంది ఎడిటింగ్‌కు వాడిన వివావీడియో కూడా ఉంది. నిషేధం సంగతి పక్కన పెడితే, మన పిల్లలు పొలం గట్ల మీద, పెంకుటిండ్ల ముందు వేసిన చిందులు ఎన్నో వాటితో పాటే పోయాయి. వేరేగా దాచుకున్నవాళ్ళకే మిగిలాయి. పరాయి వాడి గోదాములో పెట్టిన వడ్లు మనవి కావు.

మూడోది, పనిముట్లు. కంప్యూటర్ ఉంటే షాట్‌కట్, కెడెన్‌లైవ్ ఉచితం. కొంచెం గట్టి కంప్యూటర్ అయితే డావిన్చీ రిజాల్వ్ ఉచిత రకం చాలు, సినిమాలకు వాడేదే అది. ఫోన్ ఒక్కటే ఉంటే కైన్‌మాస్టర్‌తో మొదలుపెట్టండి, మూలన దాని ముద్ర పడుతుంది, పడనీయండి. డబ్బు పెట్టి మొదలుపెట్టాల్సిన హాబీ కాదిది.

నాలుగోది, కోత. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చిన తర్వాత మన ఫోన్లలో వీడియోలు కుప్పలు పడ్డాయి. జనవరిలో జాన్‌పహాడ్ ఉర్సుకు పోయి కందూరు చేసుకుంటే ఒక్క రోజులోనే ఇంటిల్లిపాదీ కలిసి వంద ముక్కలు తీస్తాం. మరుసటి ఏడాది వరకు ఒక్కరూ చూడరు. కుప్ప ఉంటే గింజలున్నట్టు కాదు, తూర్పారబట్టాలి. ఆ వంద ముక్కల్లోంచి మూడు నిమిషాలు తీయండి. ఫోజులు ఇచ్చిన ముక్కలు తీసేయండి, ఫోజు అయిపోయిందనుకుని మనిషి ఊపిరి పీల్చుకున్న ముక్క ఉంచండి. మేనత్త పొయ్యి ఊదుతూ కోపంగా కెమెరా వైపు చూసిన ముక్క ఉంచండి. ఇరవై ఏండ్ల తర్వాత అదే బంగారం.

ఐదోది, చెవి. మీకు దండం పెడతాను, అమ్మ మాట్లాడుతుంటే దాని మీద సినిమా పాట వేయొద్దు. ఫేస్‌బుక్‌లోనో యూట్యూబ్‌లోనో పెడితే హక్కుల గొడవతో శబ్దం మూగబోతుందన్నది చిన్న కారణం. పెద్ద కారణం, స్టూడియోలు తొంభైలలో మనకు చేసిన పని ఇప్పుడు మనకు మనమే చేసుకోవడం. మన యాస, మన నవ్వు, మన తిట్లు, కోడి కూత, పక్కింటి గొడవ అన్నీ ఉండనీయండి.

ఆరోది, రంగు. బ్యూటీ మోడ్ ఆపేయండి. ఫొటో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ కంపెనీ కొన్ని దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ బొమ్మ ఉన్న కార్డును కొలతగా వాడింది, దాన్ని షర్లీ కార్డు అంటారు. ఆమె చర్మం బాగా వస్తే రంగులు సరిగ్గా ఉన్నట్టు. నల్లటి మనుషులు మసక మసకగా పడ్డా అది ఫిల్ము లోపం అనిపించలేదు, మనుషుల లోపమే అన్నట్టు నడిచింది. ఈ రోజు మన పిల్లలే ఫిల్టర్ పెట్టి నాయినమ్మను తెల్లగా చేస్తున్నారు. వెలుతురు పెంచండి, తప్పు లేదు. చర్మాన్ని మార్చొద్దు. ఆ నలుపులో అరవై ఏండ్ల ఎండ ఉంది.

ఏడోది, మనలోనే ఉన్న పటేల్ షాట్ సంగతి. మన వాడ పెండ్లి వీడియోలు తీసి చూడండి. మగవాళ్ళు దండలు, చేతులు కలపడాలు, స్టేజీ. ఆడవాళ్ళు వెనక వంట దగ్గర ఒక్క నిమిషం. వంద మందికి వండిన చేతులు ఒక్కసారీ దగ్గరగా కనిపించవు. బయటివాళ్ళు మనల్ని మూలకు నెట్టారని అడిగేవాళ్ళం, మన ఇంటి వీడియోలో మూలకు నెట్టింది ఎవరినో చూసుకోవాలి. మా ఇంట్లో చివరి కోత మా చెల్లె చేస్తుంది. నేను తీసేసినవి ఆమె వెనక్కి తెచ్చిపెట్టినప్పుడే ఆ వీడియోలు నిండుగా తయారవుతున్నాయి.

చివరగా, అనుమతి. ఇంటి వీడియో అంటే ఇంటిదే. తయారైంది కదా అని ఫేస్‌బుక్‌లో పారేయొద్దు. అందులో ఉన్నవాళ్ళను అడగండి, ముఖ్యంగా ఆడపిల్లలను అడగండి. ఎవరైనా వద్దంటే ఆ ముక్క ఇంట్లోనే ఉంటుంది. మా నాయిన ముక్కను నేను ఎక్కడా పెట్టలేదు, పెట్టను. అమ్మ వద్దన్నది, అంతే.

ఇంత చెప్పి మళ్ళీ దీన్ని హాబీ అంటావేంది, ఇది బాధ్యత కదా అని అడగవచ్చు. కావాలనే హాబీ అంటున్నాను. మనవాళ్ళ భుజాల మీద బాధ్యతలకు కొదువ లేదు. ధర్నా బాధ్యత, కేసు బాధ్యత, తమ్ముడి ఫీజు బాధ్యత. ఏ పనిని అయినా ఉద్యమ లెక్కలోకి తీసుకొస్తే తప్ప మనకు చేసే హక్కు లేదన్నట్టు మనమే మాట్లాడుకుంటున్నాం. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, పిల్లలను ఒడిలో కూర్చోబెట్టుకుని, రెండు ముక్కల మధ్య ఒక్క క్షణం అటూ ఇటూ జరుపుతూ, అది అతికినప్పుడు ‘ఆ! కుదిరింది’ అనుకోవడంలో ఒక సుఖం ఉంది. ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేని సుఖం. నాట్యం, సంగీతం, పుస్తకాల గూడు ఇంట్లోనే ఉన్న కులాలు తరతరాలుగా ఆ సుఖం అనుభవించాయి. అది మనకూ కావాలి. ఏ ప్రయోజనమూ లేకపోయినా కావాలి. ప్రయోజనం ఉంది కాబట్టి రెండింతలు కావాలి.

కాబట్టి ఈ ఆదివారానికి ఒక్క పని పెట్టుకోండి. మీ ఇంట్లోనో, మేనమామ ఇంట్లోనో, ఊళ్ళో ఇంకెవరి ఇంట్లోనో మనవాళ్ళు కనిపించే ఒక్క క్యాసెట్, ఒక్క సీడీ ఎక్కడుందో కనుక్కోండి. మనవాళ్ళు వేరేవాళ్ళ పెండ్లిళ్ళలో డప్పు కొట్టారు, పందిళ్ళు వేశారు, పొయ్యిలు తవ్వారు, ఎంగిలాకులు ఎత్తారు. వాళ్ళ క్యాసెట్లలో మూలల్లో ఉన్నారు. మర్యాదగా అడగండి. దొరికితే దించుకోండి, పేర్లు రాయించండి, ఎక్కడ మొదలుపెట్టాలో ఎక్కడ ఆపాలో మీరే నిర్ణయించండి. క్యాసెట్ దించే దగ్గర ఇబ్బంది వస్తే కింద రాయండి, తెలిసినంత చెప్తాను.

వచ్చే వారం మా చెల్లె చెప్పిన ఒక ముచ్చట రాస్తాను, వంటింటి సంగతి.

జై భీమ్.